ఎలా పోతుందో చెప్పనా?

నిత్యానందం గారికి ఏది చూపించినా అది ఎలా పోతుందో ముందు చెబుతారు. కొత్త కారు చూపిస్తే గేర్‌బాక్స్ పోతుందంటారు. కొత్త ఫ్రిజ్ చూపిస్తే కంప్రెసర్ పోతుందంటారు. కొత్త చెప్పులు చూపిస్తే ఎడమది ముందు తెగుతుందంటారు, తెగుతుంది కూడా. రాజోలులో ఆయనకు ఆ పేరు పెట్టిన రోజున వాళ్ళమ్మా నాన్నా ఎంత ఆనందంగా ఉన్నారో నాకు తెలియదు గానీ, అందులో ఈయన వాటా మాత్రం ఖతార్ దాకా రాలేదు.

మెసయీద్‌లో మా ఎరువుల కంపెనీలో ఆయన సేఫ్టీ ఇన్‌స్పెక్టర్. ఏ వాల్వ్ ఎలా పేలుతుందో, ఏ నిచ్చెన మీంచి ఎవడు ఎలా పడతాడో ముందే ఊహించి చెప్పడం ఆయన ఉద్యోగం. కంపెనీ జీతమిచ్చేది డ్యూటీ వేళల్లో పడే దిగులుకే. మిగతా వేళల్లో ఆయన ఉచితంగా దిగులు పడతారు.

ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు; మా తెలుగు చర్చి సంఘం ఆరాధన శుక్రవారం. ఒక శుక్రవారం ఆ సంఘంలో మా కంపెనీ జేమ్స్ కొడుకు పుట్టినరోజు చేశారు. పెద్దాయన కదా అని ప్రార్థన నిత్యానందం గారికిచ్చారు. "ప్రభువా, వచ్చే యేడు ఈ కేకు కోసేనాటికి మాలో ఎవరుంటామో, ఎవరు పోతామో నీకే తెలుసు" అని మొదలుపెట్టారు. పిల్లాడు చాకు గాల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"బాబాయ్ గారూ, ముందు కేకు కోసుకోనివ్వండి" అన్నాడు జేమ్స్.

"కొయ్యండి, నేనొద్దన్నానా? ఆ క్రీము దోహా నించి ఎండలో వచ్చింది. ఎలా పోతుందో చెప్పనా?"

"వద్దండీ!" అని గదంతా ఒక్కసారి అరిచింది. ఆ 'వద్దండీ' మా సంఘంలో 'ఆమెన్' తర్వాత ఎక్కువగా వినిపించే మాట.

నేను రాజ్ కిరణ్‌ని. అదే కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ని, మాది పామర్రు. కంపెనీ క్వార్టర్స్‌లో ఆయన ఇల్లూ మా ఇల్లూ ఒకే వరస. అన్ని ఇళ్ళూ ఒకేలా ఉంటాయి: ముందర చాప పరిచినంత ఇసుక, వెనక దుప్పటి పరిచినంత ఇసుక.

కిందటి యేడు మార్చిలో మా ఆవిడ ఎవాంజెలిన్‌కు ఏడో నెలలో బిడ్డ పోయింది. ఆడపిల్ల. ఇంటికి వచ్చినవాళ్ళందరూ ధైర్యం చెప్పారు. "వయసుంది, మళ్ళీ కడుపు పండుతుంది" అన్నారు కొందరు. "దేవుడు ఒకటి తీసుకుంటే రెండిస్తాడు" అన్నారు ఇంకొందరు. నిత్యానందం గారు, వాళ్ళావిడ పెర్సిస్ గారు కూడా వచ్చారు. ఆయన కుర్చీ అంచున కూర్చుని, "పోయింది తల్లీ" అన్నారు. గ్లాసుడు నీళ్ళు తాగి మళ్ళీ "పోయింది" అన్నారు. అంతే.

నాకు ఒళ్ళు మండింది. చావు దగ్గర కూడా ఈయన అలవాటు మానడా అనిపించింది. కానీ ఆసుపత్రి నుంచి వచ్చాక కొయ్యలా కూర్చున్న ఎవాంజెలిన్, ఆ మాట విన్నాక మొదటిసారి గట్టిగా ఏడ్చింది. పెర్సిస్ గారు ఆమెను దగ్గరకు తీసుకున్నారు. ఆయన ఖాళీ గ్లాసు వంటింట్లో పెట్టి, "ఈ సింకు పైపు కారుతోంది, పోతుంది" అని నా చెవిలో చెప్పి వెళ్ళారు.

తర్వాత మా ఇల్లు మూగబోయింది. ఎవాంజెలిన్ తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. ఒకరోజు కిటికీ దగ్గర నిలబడి, "ఏవండీ, ఇంటి ముందు ఒక చిన్న చెట్టుంటే బాగుండును. పొద్దస్తమానం ఆ ఇసుక చూడలేకపోతున్నాను" అంది. బిడ్డ పోయాక ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. నేను ఆ సాయంత్రమే దోహా వెళ్ళే దారిలో ఉన్న నర్సరీకి పరిగెత్తి మల్లెమొక్క తెచ్చాను.

గొయ్యి తవ్వుతుంటే నిత్యానందం గారు గేటు దగ్గర ఆగారు.

"మల్లేనా అబ్బాయ్? పోతుంది. ఎలా పోతుందో చెప్పనా?"

"వద్దండీ."

"ఉడికిపోతుంది."

"మొక్క ఉడకడమేంటండీ? అదేమన్నా చేమదుంపా?" అన్నాను. ఆయన తల ఊపుకుంటూ వెళ్ళిపోయారు. ఎవాంజెలిన్ కిటికీలోంచి మొక్కను చూస్తోంది, ఆయన్ని చూడలేదు. అదే పదివేలు అనుకున్నాను.

ఖతార్ ఎండాకాలం తెలియనివాళ్ళకు ఇక్కడో సంగతి చెప్పాలి. జూన్ వచ్చిందంటే డాబా మీది ట్యాంకులో నీళ్ళు టీ కాచుకోవడానికి తయారుగా ఉంటాయి. అందుకని ఇక్కడ గీజర్ కట్టేసి పెడతాం. ఏసీ చల్లదనానికి గీజర్‌లో నీళ్ళు చల్లారుతాయి. చన్నీళ్ళ స్నానం కావాలంటే వేడినీళ్ళ కుళాయి తిప్పాలి. ఈ తలకిందుల సంసారం మా ఇద్దరికీ అలవాటే, కానీ అది స్నానాల గది వరకే. మొక్క దగ్గర గుర్తు రాలేదు.

మధ్యాహ్నం మల్లె వాడిపోయి కనబడేది. ఎవాంజెలిన్‌కు జాలి వేసేది. దాహం వేస్తోంది పాపం అని మిట్టమధ్యాహ్నం చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి, బయటి కుళాయికి పైపు తగిలించి మొక్క మొదట్లో కడుపునిండా పోసేది. ఎంత పోస్తే అంత వాడేది. ఎంత వాడితే అంత పోసేది. చివరికి ఒకరోజు పైపు నీళ్ళు తన కాలి మీద పడ్డాయి. కెవ్వుమంది. అప్పుడు అర్థమైంది.

నేను డ్యూటీ దిగి వచ్చేసరికి కాలు బొబ్బలెక్కి ఉంది. మందు రాయనివ్వలేదు. "నేనే ఉడకబెట్టేశానండీ" అంది. "నా చేతిలో ఏదీ బతకదు." లేచి కిటికీకి పరదా లాగేసింది. ఆ పరదా మళ్ళీ తియ్యలేదు. ఆ ఎండాకాలమంతా మేం పగలు కూడా లైటు వేసుకుని బతికాం.

మందారమో మరోటో తెచ్చి పెట్టేద్దామని నాకు ఉంది. కానీ అదీ పోతే? ఈసారి పరదాతో ఆగదని భయం వేసింది. పౌరుషం చంపుకుని నిత్యానందం గారింటికి వెళ్ళాను.

"మీరన్నట్టే ఉడికిపోయింది బాబాయ్ గారూ. ఇప్పుడు మీరే చూసి చెప్పండి, ఏ మొక్క పెట్టమంటారో. ఇంకోటి పోతే మాత్రం తను తట్టుకోలేదు."

అన్నీ విన్నారు. కాలి బొబ్బల సంగతి రెండోసారి చెప్పించుకున్నారు. ఎన్ని గంటలకు నీళ్ళు పోసేదో అడిగారు. "శుక్రవారం ఆరాధన అయ్యాక నర్సరీకెళదాం" అన్నారు. ఎలా పోతుందో చెప్పనా అని అడగకపోవడం నాకు వింతగా అనిపించింది. ఆ లోటు నర్సరీలో తీర్చారు.

నర్సరీ నడిపే నిసార్ అహ్మద్‌ది బోధన్. తెలుగువాళ్ళం అనగానే లోపల్నించి మంచివన్నీ తీసి ముందు పెట్టాడు.

"నందివర్ధనం సూడుండ్రి సార్. మస్తు పూస్తది."

"పోతుంది. ఇక్కడి నీళ్ళలో ఉప్పుకి వేళ్ళు ఊపిరాడక పోతుంది."

"మందారం?"

"పిండిపురుగు పడుతుంది. సెలవుకి ఊరెళ్ళి వచ్చేసరికి దూదేకినట్టుంటుంది."

"కాయితం పూల చెట్టు తీస్కోండ్రి. ఎండకు ఏం కాదు."

"షమాల్ ఇసుకగాలి లేచిందంటే పూలు సముద్రంలో ఉంటాయి, కొమ్మలు పక్కింట్లో ఉంటాయి."

"గన్నేరు సార్! గీ దేశంల రోడ్ల పొంటి గదే. సావనే సావది."

"అది చావదు. తిన్నవాళ్ళు చస్తారు."

"దానిమ్మ?" అన్నాను నేను. నాకు దానిమ్మ ఇష్టం.

"అది పిందె పట్టి రాల్చేస్తుంది" అని, గొంతు తగ్గించి, "ఆ ఇంట్లో పిందె రాలే చెట్టొద్దబ్బాయ్" అన్నారు. ఆ మాట నా గుండెలో దిగబడింది. ఇంతకంటే మంచి మాట ఈ మనిషికి దొరకదా అనుకుని పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

నిసార్ ఆఖరికి మూలనున్న ఒక ముళ్ళ పుల్లను చూపించాడు. "గిది సిదర్ సార్. మన రేగు లెక్కనే. గీడి అరబ్బోళ్ళ చెట్టు. సూడ మంచిగ లేదని ఎవ్వరు కొంటలేరు. కత్తిరిస్తే చిన్నగనే ఉంటది."

ఆయన వంగి చూశారు. "ముళ్ళు. అమ్మాయి చెయ్యి గీరుకుంటుంది" అన్నారు. అదీ అయిపోయింది.

అలా ఎండాకాలమంతా శుక్రవారం శుక్రవారం వెళ్ళాం. బట్టతల మీద చేతిరుమాలు వేసుకుని ఆయన మొక్క మొక్క దగ్గరా ఆగి మరణవార్త చదివేవారు. నేను వెనక నిలబడి చెమటలు కక్కేవాణ్ణి. ఒక్క మొక్కా కొనలేదు. విచిత్రం ఏమిటంటే, ఇంత బేరం చెడగొట్టే మనిషిని నిసార్ ఏనాడూ విసుక్కోలేదు. పైగా ఆయన్ని చూడగానే కుర్చీ తుడిచి, ఇలాచీ వేసిన చాయ్ ఇచ్చేవాడు. నాకు ఉత్త చాయ్ వచ్చేది. బోధన్ మనుషుల ఓపికకు నేను దండం పెట్టుకున్నాను.

కంపెనీ బస్సులో నన్ను ఏడిపించడం మొదలైంది. మా సంఘాల్లో ఎవరైనా పోతే ఆ ఇంట్లో ఆదరణ కూడిక పెడతారు. "ఏం కిరణ్, ఈ వారం ఏ మొక్కకి ఆదరణ కూడిక?" అనేవాడు జేమ్స్. నేను నవ్వేవాణ్ణి. ఇంటికి వెళ్ళాక నవ్వు ఉండేది కాదు. మొదట్లో ఎవాంజెలిన్ నేను రాగానే "దొరికిందా?" అని అడిగేది. తర్వాత నా చేతుల వంక చూసేది. అక్టోబరు వచ్చేసరికి చూడటం కూడా మానేసింది.

ఆ శుక్రవారం నేను ఉండబట్టలేకపోయాను. ఆయన ఒక నిమ్మమొక్క ఆకు తిప్పి, "పోతుంది, ఎలా పోతుందో..." అంటుండగా నిసార్ ముందే అరిచేశాను.

"మీకు చావు తప్ప ఇంకేమీ కనపడదా బాబాయ్ గారూ? బతికేదాన్ని ఒక్కదాన్ని చూపించమంటే నాలుగు నెలల నుంచి ఏది ఎలా చస్తుందో చెబుతున్నారు! అక్కడ నా భార్య చీకట్లో కూర్చుంది. మీకిది కాలక్షేపమా?"

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టారు. "కనపడదబ్బాయ్" అన్నారు మెల్లిగా. నా కారులోనే తిరిగి వచ్చాం. దిగేటప్పుడు, వారం వారం పోతుందనే నా టైరు గురించి కూడా ఏమీ అనలేదు. అప్పుడు నాకు కొంచెం భయం వేసింది.

మర్నాడు శనివారం, సెలవే. ఎవరి మాటా వినేది లేదని ఒక్కణ్ణే నర్సరీకి వెళ్ళి కాయితం పూల చెట్టు అడిగాను. నిసార్ నన్ను ఎగాదిగా చూశాడు.

"మల్లొకటి గావాల్నా? సార్ తీస్కపోయిండు గద."

"ఏ సార్?"

"మీ సారే. శుక్రారం మీతోని వచ్చి వద్దంటడు, శనారం ఒక్కడే వచ్చి గవే తీస్కపోతడు. నందివర్ధనం తీస్కపోయిండు, మందారం తీస్కపోయిండు, గన్నేరు గూడ. ఇయ్యాల పొద్దుగాల నిమ్మ తీస్కపోయిండు. గసొంటి గిరాకి నాకు దోహాల ఇంకోడు లేడు." ఇలాచీ చాయ్ గుట్టు అప్పుడు తెలిసింది. తిన్నవాళ్ళు చస్తారన్న గన్నేరు కూడా ఆయనింట్లో ఉందని విన్నాక మాత్రం నాకు కాళ్ళు ఆగలేదు.

తిన్నగా నిత్యానందం గారింటికి వెళ్ళాను. పెర్సిస్ గారు తలుపు తీసి, నా మొహం చూసి, "తెలిసిపోయిందా? హమ్మయ్య. దాచలేక చస్తున్నాను బాబూ, రా" అని పెరట్లోకి తీసుకెళ్ళారు.

గోడ వారగా కుండీలు వరసగా ఉన్నాయి. కనబడినవన్నీ ఎండుపుల్లలే. నందివర్ధనం ఏదో, మందారం ఏదో గుర్తుపట్టలేకుండా నల్లగా మాడిపోయి ఉన్నాయి. ఆ రోజే వచ్చిన నిమ్మ ఒక్కటి కొత్త ఖైదీలా బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. ఆ వరస చివర, మిట్టమధ్యాహ్నం ఎండలో, తలమీద కంపెనీ హెల్మెట్ పెట్టుకుని, పైపు పట్టుకుని, చివరి కుండీకి అడ్డంగా నిలబడి నిత్యానందం గారు ట్యాంకు నీళ్ళు పోస్తున్నారు. నీళ్ళు పొగలు కక్కుతున్నాయని చెప్పను గానీ, కక్కినా ఎవరూ ఆశ్చర్యపోరు.

"చూడు బాబూ" అన్నారు పెర్సిస్ గారు. "సెలవు రోజైతే ఇదే వరస. పచ్చటి మొక్కని తేవడం, దాని మీద వేడినీళ్ళు పొయ్యడం. నీళ్ళు మానేసి మాడ్చడం. షమాల్ వచ్చిందంటే అన్నిటినీ తీసుకెళ్ళి గాలికి ఎదురుగా పెట్టడం. పోసేటప్పుడు దానికి సారీ చెప్తారు. ఆయ్, నిజం! పోయాక రాత్రి ప్రార్థనలో దాని పేరెత్తుతారు. నేను నవ్వాలా, మోకాళ్ళ మీద ఉండాలా?"

ఆయన దొంగలా దొరికిపోయి పైపు కట్టేశారు. "ఏం లేదబ్బాయ్" అన్నారు. "మన కంపెనీలో గ్యాస్ నింపే ఒక వెసెల్‌ని వాడకంలో పెట్టేముందు ఏం చేస్తారు?"

"ప్రెషర్ టెస్ట్."

"మామూలు ప్రెషర్ పెడతారా?"

"కాదు. రేపు పడబోయేదానికంటే ఎక్కువ పెడతారు."

"అంతే. పగిలితే ఇక్కడే పగలాలి, అక్కడ పగలకూడదు." హెల్మెట్ తీసి తల తుడుచుకున్నారు. "జాగ్రత్తగా పెంచితే బతికే మొక్కలు బోలెడబ్బాయ్. నీళ్ళు ఇప్పుడు పొయ్యి, అప్పుడు పొయ్యకు, ఇలా చెయ్యి, అలా చెయ్యకు అని ఆ అమ్మాయికి ఇప్పుడు చెప్పకూడదు. మళ్ళీ ఏదన్నా అయితే తన తప్పే అనుకుంటుంది. మర్చిపోయినా బతకాలి, మధ్యాహ్నం వేడినీళ్ళు పోసినా బతకాలి, అసలు మంచం దిగకపోయినా బతకాలి. అలాంటిది కావాలి. దొరుకుతుందని ముందే చెబితే ఆశ పెట్టుకుంటుంది. అందుకని చెప్పలేదు."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు రావాలో తేలక రెండుసార్లు తుమ్మాను.

"ఏసీలోంచి ఎండలోకి వచ్చావు. జలుబు చేస్తుంది. ఎలా ముదురుతుందో..."

"చెప్పండి బాబాయ్ గారూ" అన్నాను. జీవితంలో మొదటిసారి ఎవరో చెప్పమన్నారు కాబోలు, ఆయన కంగారుగా హెల్మెట్ మళ్ళీ తలకు పెట్టుకున్నారు.

ఇంటికి వెళ్ళి పరదా వేసిన గదిలో ఎవాంజెలిన్‌కు అంతా చెప్పాను. తను లేచి, తలమీద చున్నీ వేసుకుని, చెప్పులు వేసుకుంది. నేను వెనకాలే నడిచాను. శుక్రవారం ఆరాధనకు తప్ప ఆమె గడప దాటి నెలలైంది.

పెరట్లో కుండీ కుండీ దగ్గరా ఆగింది. ఎండుపుల్లల్ని వేలితో ముట్టుకుంది. చిటుక్కున విరిగాయి. చివరికి ఆయన ముందు నిలబడింది.

"ఇవన్నీ మీరే చంపారా బాబాయ్ గారూ?"

"నేనే తల్లీ."

"గన్నేరుని కూడానా?"

"గన్నేరు చాలా కష్టపెట్టింది తల్లీ. గన్నేరుకి ఆగస్టు దాకా పట్టింది."

ఎవాంజెలిన్ ఆ వరసంతా మళ్ళీ ఒకసారి చూసింది.  ఏడుస్తుందనుకుని నేను ఒక అడుగు ముందుకు వేశాను. "నేను ఒక్క మొక్కనే చంపాను" అంది. "నా చెయ్యే పాపిష్టిదనుకున్నాను. మీ చెయ్యి ఇంకా పాపిష్టిది బాబాయ్ గారూ!" అని ఫక్కున నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు. పెర్సిస్ గారు నవ్వారు, నేను నవ్వాను. నిత్యానందం గారు నవ్వలేదు గానీ, "నిజమేనమ్మా" అని ఎంతో తృప్తిగా ఒప్పుకున్నారు.

అప్పుడు వరస చివర, ఇందాక ఆయన నీళ్ళు పోసిన కుండీని చూసింది. జానెడు పుల్ల మూరెడైంది. చిన్న చిన్న గుండ్రటి ఆకులు ఎండకు మెరుస్తున్నాయి. నిసార్ మూలన పడేసిన రేగు మొక్క. వేడినీళ్ళు తాగింది, ఉప్పు తాగింది, ఇసుకగాలి తిన్నది, అన్నిటికీ అలాగే నిలబడింది.

"ముళ్ళన్నారు కదండీ" అన్నాను నేను.

"నా నెయిల్ కట్టర్ ఏమైందనుకున్నావు?" అన్నారు పెర్సిస్ గారు. వంగి చూస్తే, చెయ్యి అందేంత మేర ఒక్కో ముల్లూ మొన దగ్గర తీరుగా కత్తిరించి ఉంది, పసిపిల్లల గోళ్ళు తీసినట్టు.

"మళ్ళీ మొలుస్తాయి" అన్నారు ఆయన దిగులుగా.

"మళ్ళీ తీద్దాం లెండి" అంది ఎవాంజెలిన్.

ఆ సాయంత్రమే మా ఇంటి ముందు నాటాం. మట్టి ఆమే సర్దింది. నీళ్ళకు నేను బయటి కుళాయి వైపు నడిస్తే, లోపలికి వెళ్ళి గీజర్‌లో చల్లారిన నీళ్ళు తనే బకెట్టుతో పట్టుకొచ్చింది. ఎవరూ చెప్పలేదు. పోసి, నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి, ఆయన్ని అడిగింది:

"ఇది ఎలా పోతుందో చెప్పండి బాబాయ్ గారూ."

నిత్యానందం గారు మోకాలు వంచి కూర్చున్నారు. ఆకు తిప్పి చూశారు. కాండం ఊపి చూశారు. మట్టి వాసన చూశారు. లేచి మా ఏసీ బయటి డబ్బా ఎటు తిరిగుందో చూశారు, గాలి ఎటునుంచి వస్తోందో చూశారు. 

"చూస్తున్నాను తల్లీ" అన్నారు చివరికి. "ఇంకా ఏమీ దొరకలేదు."

ఇప్పుడది నా భుజం దాటింది. కిటికీ పరదాని ఎవాంజెలిన్ ఆ మర్నాడే ఉతికి, మడతపెట్టి బీరువాలో పెట్టేసింది. నిత్యానందం గారు ఇవాళ్టికీ డ్యూటీ దిగి వెళుతూ మా గేటు దగ్గర ఆగి, ఆ చెట్టును పైనుంచి కిందిదాకా చూస్తారు. ఎవాంజెలిన్ కిటికీలోంచి కేకేస్తుంది.

"ఏమన్నా దొరికిందా బాబాయ్ గారూ?"

"ఇంకా లేదమ్మా" అంటారు, కొంచెం నిరాశగా.